పాకం చూసే చెయ్యి

ఆ రోజు వాదంలో నేనే గెలిచాను. ఆ విషయంలో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. పాస్టరు తల దించుకున్నాడు. బెల్లం బట్టీ దగ్గర పోగైన జనం నా మాట నమ్మారు. ఇరవై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో సైన్సు చెబుతూ, సెలవుల్లో ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడుతూ, మన జనం నిజాన్ని నమ్మరని వాపోయిన వాణ్ణి నేను. మొదటిసారి ఒక ఊరు ఊరంతా నన్ను నమ్మింది. గంటలో నమ్మింది. ఆ నమ్మకం ఏం చేసిందో రాస్తున్నాను.

మా ఊరు బోధన్ అవతల, మంజీర వైపు. నేను నిజామాబాద్‌లో కాపురముంటున్నా ఊరితో రాకపోకలు తెగలేదు. చిన్నప్పుడు ఎటు చూసినా చెరుకే ఉండేది. షక్కర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది వరికి, పసుపుకు మళ్ళారు. చెరుకు మీద ఆశ చావని కొందరు బట్టీలు పెట్టి బెల్లం వండుతున్నారు. అలాంటి బట్టీ ఒకటి మా దూరపు చుట్టం ఒకాయనది. ఊరంతా ఆయన్ను పటేలా అంటుంది, నేనూ అంతే.

బెల్లం వండే చోట కష్టమంతా చెరుకు నరకడంలో, గానుగ ఆడించడంలో, పొయ్యిలోకి పిప్పి తోయడంలో ఉంటుంది. తెలివంతా మాత్రం ఒక్క క్షణంలో ఉంటుంది. మంచమంత పెనంలో రసం మరిగి మరిగి చిక్కబడి, పసుపుపచ్చగా ఉబికి, బుడగలు పెద్దవై పగులుతున్నప్పుడు పెనం ఎప్పుడు దించాలో ఎవరో ఒకరు చెప్పాలి. ముందు దించితే అచ్చులో గట్టిపడదు. ఆలస్యమైతే మాడు వాసన వేస్తుంది. మిగతా బట్టీల్లో తెడ్డుతో కాస్త పాకం తీసి నీళ్ళలో వేసి ఉండ కడతారు. మా ఊళ్ళో తెడ్డు అక్కర్లేదు. మాకు అక్క ఉండేది.

ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఊరంతటికీ అక్కే. చర్చి వెనక సందులో రేకుల గది. మొగుడు చెరుకు నరికే కూలీ, పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. అక్క కుడిచేతి వేళ్ళను చన్నీళ్ళలో ముంచి, మసిలే పాకంలో పెట్టి, చిటికెడు తీసి, పళ్ళెంలోని నీళ్ళలో ఉండ చేసి, రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి "దించుండ్రి" అనేది. వేళ్ళతో చూసేవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నా, చన్నీళ్ళు ముట్టుకునే చేస్తారు, రెప్పపాటులో వేళ్ళు లాక్కుంటారు. అక్క లాక్కునేది కాదు. కూరలో ఉప్పు చూసినంత నిదానంగా చూసేది. మొహంలో గీత కూడా కదిలేది కాదు. ఆమె దించమన్న పాకం ఎన్నడూ తప్పలేదు. పెనం దగ్గర ఆమె పీట మీద ఇంకొకరు కూర్చోవడానికి పటేలు ఒప్పుకునేవాడు కాదు. ఆ పీటే ఆమెకున్న ఆస్తి, మర్యాద, కూడు.

ఊళ్ళో రెండు వర్గాలు ఆ చేతి కోసం పోట్లాడుకునేవి. ఎల్లమ్మ తల్లి పూనింది ఆ చేతికి అనేవాళ్ళు పటేలు వైపు వాళ్ళు. యేసయ్య ముట్టిన చెయ్యి అనేవాళ్ళు చర్చి వాళ్ళు. అక్క చర్చి మనిషే గనక ఆమె మాట చర్చి వైపే ఉండేది. నొప్పి తీసెయ్యమని ప్రార్థన చేశానని, దేవుడు తీసేశాడని ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పింది కూడా. ఒక్క చేతి కోసం ఇద్దరు దేవుళ్ళు కొట్లాడుకుంటున్నారని నేను సభల్లో చెప్పుకుని నవ్వించేవాణ్ణి. ఆ చేతిని దగ్గరనుంచి చూడాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

క్రిస్మస్‌కు వారం ముందు, అరిసెలకు బెల్లం తీసుకుందామని బట్టీకి పోయాను. పాస్టరు కూడా వచ్చి ఉన్నాడు. నవీపేట్ నుంచి మోపెడ్ మీద వచ్చిపోయే బక్కపలచటి మనిషి. చర్చిలో పంచే మిఠాయికి బెల్లం కావాలట. మేమిద్దరం ఎదురుపడితే కూలీలకు పండగ. గానుగ దగ్గర వాడు మోటారు ఆపేశాడు. పటేలు నులకమంచం మీద సర్దుకుని కూర్చుని, "ఇగ షురూ జెయ్యుండ్రి" అన్నాడు.

నేనే మొదలుపెట్టాను. "పండుగంటున్నవ్ పాస్టరయ్యా, నాకు ఒక్కటి సమజైత లేదు. దేవుడు పుట్టుడేంది? అంతా తన శేతులనే వెట్టుకున్నోడు పాలకేడ్సే పసిగుడ్డయితడా?"

"మనమీద ప్రేమ సార్. మన బాధ తెలుసుకునెతందుకు వచ్చిండు."

"తెలుసుకునెతందుకా? అన్నీ తెలిసినోడే గద దేవుడు. పాసైనోడు మల్లొచ్చి పరీచ్చ రాస్తడా?"

జనం నవ్వారు. పాస్టరు కూడా కాస్త నవ్వాడు. "తెలుసుడు వేరు సార్, పడుడు వేరు."

"మంచిగన్నవు. అంటే పడకముందు ఆయనకు ఒకటి తక్కువుండె. తక్కువున్నోడు దేవుడెట్లయితడు?"

పటేలు తొడ చరిచాడు. "పడ్డవ్ పాస్టరయ్యా! పడ్డవ్ బిడ్డా!"

నేను వదల్లేదు. వాదంలో ఎదుటివాడు తడబడితే ఊపిరి తీసుకోనివ్వకూడదని నేర్చుకున్న వాణ్ణి. ఆ దేవుడు చావంటే భయపడి చెమటలు కక్కాడని మీరే చదువుతారు అన్నాను. స్నేహితుడు చస్తే ఏడ్చాడు. కొయ్య మీద దాహమన్నాడు. తండ్రి తనను వదిలేశాడని కేకపెట్టాడు. "దాహమైతుందని మందిని నీళ్ళడిగినోడు నా దాహమేం తీరుస్తడు? నా అసొంటి పానమే ఆయనది అయితే, నాకు నేనే మొక్కుకుంట, చందా గూడ మిగులుతది."

ఆ నవ్వులు పెనం మీది ఆవిరిని కూడా కదిలించి ఉంటాయి. పాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. అతనికి నిజంగా జవాబు తెలియదు. ప్రేమ అన్న మాటను మళ్ళీ ఒకసారి అన్నాడు, అది నా నవ్వులో కొట్టుకుపోయింది. అప్పుడు చేశాడు తప్పు. పెనం వైపు వేలు చూపించాడు.

"బలం గావాల్నా సార్ మీకు? ఆయన బలహీనుడంటున్నరు గద. అగో, అక్క శెయ్యి సూడుండ్రి. మసిలే పాకంల వెడ్తది. నొప్పి లేదు. గది ఎవ్వని బలం?"

"అగో, మా ఎల్లమ్మది!" అని అరిచాడు ఎవడో పిప్పి కుప్ప మీదనుంచి.

నేను లేచాను. ఆ క్షణం నాకు ఎంత సంతోషం కలిగిందో దాచను. ఇద్దరు దేవుళ్ళను ఒకే దెబ్బకు పడగొట్టే అవకాశం ప్రతి ఏడూ రాదు. "అక్కా, జర ఇటు రా" అన్నాను. అక్క చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ సంబరంగా వచ్చింది. చదువుకున్న సారు తన చెయ్యి చూస్తానన్నాడని ఆమె సంబరం.

దగ్గరనుంచి చూస్తే అరక్షణం పట్టలేదు. ముంజేతి మీద పాలిపోయిన మచ్చ, వెంట్రుక లేదు, చెమట లేదు. చిటికెన వేలు, పక్క వేలు లోపలికి వంగి ఉన్నాయి. వేళ్ళ కొసల మీద పాత బొబ్బల గట్లు. పాఠం చెప్పిన విషయమే ఇది. నేను నోరు మూసుకుని, ఆమెను పక్కకు పిలిచి, రేపు నాతో దవాఖానకు రమ్మని చెప్పి ఉండొచ్చు. అది నాకు తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది. జనం ఎదురుచూస్తున్నారు.

కళ్ళు మూసుకోమన్నాను. చీపురుపుల్లతో చెంప మీద రాశాను. "ముట్టినవు" అంది నవ్వుతూ. భుజం మీద రాశాను. "ముట్టినవు." చేతి మీద రాశాను. మాట్లాడలేదు. మళ్ళీ రాశాను. "ఇగ ముట్టుమంటె!" అంది. జనం నవ్వారు. నా సంచిలో ఎప్పుడూ ఉండే కరపత్రాల కట్టకున్న గుండుసూది తీశాను. మచ్చ మధ్యలో పెట్టి నొక్కాను. నెత్తురు బొట్టు వచ్చింది. అక్క కళ్ళు మూసుకునే, నవ్వుముఖంతోనే, "పెట్టినవా సారు?" అని అడిగింది.

నవ్వులు ఆగిపోయాయి.

సూదిని పైకెత్తి అందరికీ చూపించాను. ఇది ఎల్లమ్మ వరం కాదు, యేసయ్య బలం కాదు, నరాలు చచ్చిపోయాయి అన్నాను. ఏ రోగమో చెప్పు సార్ అని పటేలు అడిగాడు. పుస్తకంలోని పేరు చెప్పాను. వాళ్ళకు అందలేదు. అందాలి కదా, సైన్సు జనానికి అందాలి. "పెద్దరోగం" అన్నాను.

అక్క కళ్ళు తెరిచింది. ముందు చేతి మీది నెత్తురు చూసింది, తర్వాత నా చేతిలోని సూది చూసింది.

మందులున్నాయని, ఉత్తగానే ఇస్తారని, మింగితే పోతుందని, ముట్టుకుంటే అంటదని కూడా చెప్పాను. గట్టిగానే చెప్పాను. అప్పటికే జనం అడుగులు వెనక్కి పడుతున్నాయి. నేను చెప్పినదాంట్లో ఒక్క మాట మాత్రం తీసుకుని మిగతావి నా దగ్గరే వదిలేశారు. నీళ్ళ పళ్ళాన్ని ఎవరో కాలితో తన్నారు. పటేలు మంచం దిగకుండానే, "అక్కా, నువ్వు జర ఇంటికి పో. మల్ల పిలుస్త" అన్నాడు. ఆ పిలుపు రాలేదు.

ఆ పూట దించిన పాకం బెల్లమైంది. దాన్ని పారబోశాడనుకున్నారా? మర్నాడు ఆటోలో సరిహద్దు దాటించి మహారాష్ట్ర అంగడికి పంపాడు. "ఆడ ఎవనికెర్క?" అన్నాడు నాతో, కన్నుగీటి. నా శాస్త్రీయ దృక్పథం మా ఊళ్ళో సాధించిన మొదటి ఫలితం అది.

ఇక నా సంగతి. వచ్చేటప్పుడు బట్టీ వెనక బోరింగు దగ్గర ఆగి చేతులు కడుక్కున్నాను. అక్కడ రాయి మీద బట్టల సబ్బు ముక్క ఉంది. ఒకసారి కడిగాను. మళ్ళీ కడిగాను. మూడోసారి గోళ్ళ సందులు కూడా. అంటదని ఇప్పుడే అందరికీ చెప్పి వచ్చిన నోరు నాదే. ఎవరూ చూడలేదనుకున్నాను.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం చర్చికి పోయాను. ప్రార్థనకు కాదు, చూడడానికి. కుష్టు వాళ్ళను ముట్టుకుని బాగుచేసిన దేవుడని పాటలు పాడే చోట, ముట్టుకునే ధైర్యం ఎందరికుందో చూడాలని. అక్క లోపల లేదు. మెట్ల మీద, చెప్పుల పక్కన కూర్చుని ఉంది. లోపల అందరూ ఒకే గిన్నెలోంచి వరసగా ద్రాక్షరసం తాగారు. చివర పాస్టరు బయటికి వచ్చి పెళ్ళిళ్ళలో వాడే ప్లాస్టిక్ గ్లాసులో ఆమెకు కొంచెం పోశాడు. పోస్తూ నన్ను చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు.

నాకు పండగే అయింది. "మీ దేవుడు మనుషుల బలహీనతంత నెత్తినెత్తుకున్నడు గని మీరు ఒక్క మనిషి ఎంగిలి ఎత్తుకోలేకపోయిండ్రే" అని అక్కడికక్కడే అన్నాను. ఆ వారమే వ్యాసం రాశాను. ఆ ప్లాస్టిక్ గ్లాసు దానికి మంచి ముగింపయింది. పేర్లు రాయలేదు కనుక ధర్మంగానే రాశాననుకున్నాను. చదివినవాళ్ళు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. అక్క ఏం తింటున్నదని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆమెను దవాఖానకు తీసుకుపోయింది మాత్రం ఆ పాస్టరే. మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని నిజామాబాద్ దాకా వచ్చాడు. గిన్నె ముట్టనివ్వని మనిషి తన నడుము పట్టుకుని కూర్చోనిచ్చాడు. ఇది నా వ్యాసంలో ఇమడదు, అయినా జరిగింది. డాక్టరు ఏడాది మందులు రాశాడు. చేతికి పోయిన నరం తిరిగి రాదన్నాడు. కాళ్ళకు కూడా స్పర్శ తగ్గిందని, రోజూ చీకటి పడకముందే అరికాళ్ళు కళ్ళతో చూసుకోవాలని, ముల్లు గుచ్చుకున్నా నిప్పు తగిలినా శరీరం చెప్పదు గనక చూపే చెప్పాలని నేర్పారు. వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులిచ్చారు.

తిరుగు ప్రయాణంలో పాస్టరుకు పట్నంలో ఏదో పని ఉండి, ఆమెను మా ఇంట్లో గంటసేపు కూర్చోబెట్టిపోయాడు. మా ఆవిడ చాయ్ ఇచ్చింది. గ్లాసును మోచేతికి ఆనించి వేడి చూసి, చల్లారాక తాగింది అక్క. ఆమె పోయాక ఆ స్టీలు గ్లాసును మా ఆవిడ గోడవతల బకెట్టు పక్కన బోర్లించడం చూశాను.

"చదువుకున్నదానివి, నువ్వుకూడానా?" అన్నాను.

"అంటదు గద?"

"అంటదు."

ఆ గ్లాసు తెచ్చి, కడిగి, నీళ్ళు పోసి నా ముందు పెట్టింది. "తాగుర్రి మరి."

ఫోన్ మోగింది. నిజంగానే మోగింది. మాట్లాడి వచ్చేసరికి దాహం వేసింది, వేరే గ్లాసుతో తాగాను. ఆ గ్లాసు సాయంత్రం దాకా అక్కడే ఉంది. మా ఆవిడ ఆ నీళ్ళు మొక్కల్లో పోసింది. ఆ ఇంట్లో ఆ రోజు నేనొక్కణ్ణే గొంతెత్తి మాట్లాడింది.

మరుసటి పంట చేతికి వచ్చింది. అక్క మందులు అయిపోయాయి. రోగం నయమైందని డాక్టరు రాసిన కాగితం తీసుకుని పటేలు దగ్గరికి పోయాను. ఆమె పీట ఆమెకు ఇప్పించాలని. అది నా బాధ్యత అని నాకు అప్పటికి అర్థమైంది, ఏడాది పట్టింది.

పటేలు కాగితం చదివాడు. తిప్పి వెనక కూడా చూశాడు.

"నయమైంది పటేలా. మొదటి గోళీలతోనే అంటుడు బందైతది. పాకం జూసుడు ఆమెకొచ్చినట్టు ఎవ్వలకు రాదు."

"నువ్వు జెప్పినంక కాదంటనా సార్? ఆ పొద్దు జెప్పినవు, ఇన్నం. ఇయ్యాల జెప్తున్నవు, ఇంటున్నం. మంది ఇనద్దా? అక్క శెయ్యి వెట్టిన బెల్లం దేవుని కాడికి ఎవడు కొంటడు?"

"పోయినేడు మహారాష్ట్రోళ్ళు కొన్నరు గద."

"ఆళ్ళకు నీ అసొంటి సారు లేడు" అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు. తర్వాత లోపలికి పోయి పొడుగాటి గాజు గొట్టం ఒకటి ఇనుప కొక్కేనికి వేలాడదీసి తెచ్చాడు. పాకం వేడి కొలిచేది. హైదరాబాదు నుంచి తెప్పించాడట. "సైన్సు సైన్సు అంటవు గద సార్. తెచ్చిన. గీడ గీత మీదికి రాంగనె దించుడే. శెయ్యెందుకు?"

నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మంచి పరికరం. వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను ఏళ్ళ తరబడి అడిగిందే అది. పెనం దగ్గర అక్క పీట మీద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఉంది.

పటేలుకు దయ లేదనకూడదు. "ఉట్టిగుంటదా పాపం. దూరంగ పిప్పి ఆరవెట్టుమను" అన్నాడు. చెరుకు పిప్పి ఎండలో పరచి, తిరగేసి, కుప్ప వెయ్యడం. మనుషులకు దూరంగా, బెల్లానికి దూరంగా. చెరుకు మోళ్ళ మీద, చీలికల మీద నడిచే పని. కాళ్ళకు స్పర్శ లేని మనిషికి ఇవ్వదగిన పని అదేనని ఆ ఊరు తేల్చింది. అక్క ఒప్పుకుంది. ఇంకేం చేస్తుంది?

నాకు మరో ఉపాయం తోచింది. ఊరి నడుమ సభ పెట్టి, అక్క చేతి బెల్లాన్ని అందరి ముందు నేను తిని చూపిస్తాను. భయం పోతుంది. గ్లాసు సంగతి నాకు గుర్తుంది. అయినా జనం ముందైతే తినగలనని నమ్మకం. ఎప్పుడూ జనం ముందే కదా నాకు ధైర్యం. ఈ మాట చెప్పడానికి ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగా, ఆమె గది ముందుకు పోయాను.

గడప మీద కూర్చుని కాళ్ళు చూసుకుంటున్నది. చెప్పులు పక్కన విప్పి ఉన్నాయి. నా ఉపాయం మొత్తం విన్నది.

"మల్ల నన్ను మంది నడుమ నిలవెడ్తవా సారు?"

నేను ఆమె చెప్పుల పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఒక్కపారి నిలవెడ్తివి, సాలదా? నువ్వు తింటవు, మంది సప్పట్లు గొడ్తరు. బెల్లం తిన్న సారు అని నీ పేరు జెప్పుకుంటరు. నేను పొద్దుగాల్నే పిప్పి కాడికి వోవాలె." కోపంగా అనలేదు. కాలిమడమను రెండు చేతులతో తిప్పి చూసుకుంటూ అంది. "పీట వోయింది. ఇగ రాదు. నాకెర్కనే. నువ్వు పరేషాన్ గాకు."

కాలు కింద పెట్టి తనే మళ్ళీ అందుకుంది. "నొప్పి తియ్యుమని ఎన్నేండ్లు మొక్కిన్నో ఎర్కనా? వేళ్ళు బొబ్బలెక్కి బువ్వ గలుపుకోరాకపోవు. ఒక పంటకు నొప్పి వోయింది. దేవుడిన్నడనుకున్న. చర్చిల నిలవడి సాచ్చెం జెప్పిన. పెద్దరోగం వస్తె సాచ్చెం జెప్పినదాన్ని సారు నేను!" నవ్వింది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేనెప్పుడూ వినలేదు. నేను నవ్వలేకపోయాను.

"ఆ పొద్దు నువ్వడిగినవు గద, దేవునికి గీ బలహీనత ఏంటికని. పాస్టరయ్యకు జవాబు రాకపాయె. నేను పెనం కాన్నుంచి ఇన్న. నాకు గూడ నీదే నిజమనిపిచ్చింది. ఇప్పుడైతె..." కుడి చెయ్యి చాపింది. పాత పుళ్ళకు రెండు వేళ్ళ కొసలు ఈ ఏడాదిలో పోయాయి. "గీ శెయ్యి జూడు. ఊర్ల దీనంత బలమైన శెయ్యి లేకుండె. పాకంల వెట్టినా జంకకపోవు. నొప్పి లేదు గద. ఏమాయె? కాలుతుంటె కాలుతున్నదని తెల్వకపాయె. నొప్పి లేనోడు దేవుడైతె మనం గీ వేళ్ళ లెక్క సారు. మాడి వోయినా ఆయనకు ఎర్కగాదు. నేను దేవుని లెక్క గావాలని మొక్కిన. ఆయనేమో నా లెక్క గావాలని దిగిండు. మా ఇద్దర్ల అక్కలున్నది ఎవ్వలకు?"

అక్కలంటే మా వైపు తెలివి. నా నోరు ఊరుకోలేదు. అలవాటు. "ఆయనకు ఎర్కయితె మరి నీకు రోగం రాకుంట జెయ్యొచ్చు గద?"

"గది నాకు తెల్వది. పాస్టరయ్యకూ తెల్వది." నా మొహంలోకి చూసింది. "నువ్వు సూది గుచ్చినప్పుడు నీకేమన్న అనిపిచ్చిందా సారు?"

నిజం చెప్పే వాడినని నాకు పేరు. "లేదు" అన్నాను.

"మరి నీ శెయ్యి గూడ దవాఖాన్ల సూపిచ్చుకో."

నేను ఇప్పటికీ దేవుణ్ణి నమ్మను. ఆమె చెప్పినది రుజువు కాదు. నరాలు లేని చెయ్యి చెడిపోతుందన్నది శాస్త్రం, దాన్నుంచి ఆకాశంలో ఒకడున్నాడని తేలదు. ఉంటే వాడు ఎలా ఉండాలో మాత్రం తేలుతుంది. అంతవరకే. నొప్పి తగలని దేవుడు ఎంత పనికిమాలినవాడో నా వ్యాసాలన్నింటిలో కలిపి నేను చెప్పలేకపోయింది, నేను తక్కువ చేసి నవ్విన మనిషి ఒక చెయ్యి చాపి చెప్పింది. జనం లేరు గనక ఆ గెలుపు ఎవరూ చూడలేదు.

"వచ్చినోనివి వచ్చినవు, గీ కాలు జర సూడు. నా కండ్లకు కొస అందుత లేదు" అంది.

ఎడమ అరికాలు. మడమ వెనక అంచున, చెప్పు పట్టీ పక్కనుంచి లోపలికి జారిన చెరుకు చీలిక దిగి ఉంది. చర్మం రంగులోనే ఉండటంతో కనిపించలేదు. ఎన్ని గంటలు దాని మీద నడిచిందో. గోళ్ళతో పట్టుకుని లాగాను. సగం వచ్చి ఆగింది. మళ్ళీ లాగాను. వేలి పొడుగున ఉంది, వెంట నెత్తురు.

"శాన లోతుకు దిగిందా?" అంది.

"నీకు తెలుస్తున్నదా?" అన్నాను ఆశగా.

"నాకేడ తెలుస్తది? నీ మొఖం జూసిన."

గుడ్డ ముక్క చింపి కట్టాను. అక్క గడప పట్టుకుని లేచి, లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు, ఒక సబ్బు బిళ్ళ తెచ్చి నా ముందు పెట్టింది. కొత్త బిళ్ళ, కాగితం కూడా విప్పలేదు.

"వద్దక్కా" అన్నాను.

"కడుక్కో. నాకెర్కనే. ఆ పొద్దు బోరింగు కాడ మూడుపార్లు కడిగినవు. పటేలు పొమ్మన్నంక నీళ్ళు దాగుదామని ఆడనే నిలవడ్డ. నువ్వు అయినంక తాగుదామని సూసిన, నీ కడుగుడు ఒడువలె." చెంబు వంచింది. "నెత్తురంటింది గద. ఒక్కపారి కడుగు, సాలు."

నెత్తురు అంటినప్పుడు చేతులు కడుక్కోవడం సరైన పద్ధతే. బడిలో నేనే చెబుతాను. ఆమె నీళ్ళు పోసింది, ఒక్కసారే కడిగాను. బస్సెక్కి నిజామాబాద్ చేరే దాకా ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.